రేకు లోపలి బొట్టు

కారును మోస్తూ లిఫ్ట్ ఛాతీ ఎత్తుకు లేచి మూలిగి ఆగింది. గజేందర్ బటన్ మీది వేలు తీసి రెండో చేతిలోని సుత్తిని చూసుకున్నాడు, ఉంది, రేకుల గుంతలు తీసే డెంటరు చేతిలో సుత్తి ఎందుకని ఎవరూ అడగరు, ఖతర్‌లోని ఈ సనయ్యలో, ఈ గ్యారేజీల గల్లీలో, డెంటరు సుత్తిని పక్కలో పెట్టుకుని పడుకున్నా అడగరు. చెయ్యి చాపినంత దూరంలో కామ్రాన్ సేఠ్ తల ఉంది, జుట్టు సన్నగా కత్తిరించిన గుండ్రటి తల, మెడ మీద మడతలు, ఆ మడతల పైన చెవికి కాస్త వెనక ఒక్క దెబ్బ చాలు, రేకు ఎక్కడ లొంగుతుందో తెలిసిన చేతికి ఎముక ఎక్కడ లొంగుతుందో కూడా తెలుస్తోంది. కానీ సేఠ్ కింద పడితే కారు నిలబడే ఉంటుంది, నేరేడుపండు రంగులో మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు. అది డెబ్బైలో అమెరికాలో పుట్టిన ఛార్జర్ కారు, ముసలి బండి, పడుచు మెరుపు. పరీక్ష చేసే ఆనందరావు ఇవాళ దీన్ని అసలు సిసలైనదని తేల్చి సంతకం పెడితే రేపు కంటైనర్ డబ్బాలోకి ఎక్కించి ఓడ మీద సముద్రం దాటిస్తారు, ఆ ఓడతో పాటు తమ్ముడు లస్మయ్యను చూసిన చివరి సాక్షి పోతుంది, వాణ్ణి చంపింది ఈ కారే, చంపినవాడు ఈ సేఠే, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ షెడ్డులో ముగ్గురు, సేఠు, తాను, రేకు. నాలుగోవాడు జహాంగీర్, ఫోర్‌మన్, నిజామాబాద్ వాడు, తెలిసీ తెలియనట్టు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు.

ఆనందరావు బెజవాడ మనిషి, పాత బండ్లలో ఏది అసలు ఏది అతుకు అని తేల్చడమే ఆయన పని, దానికోసమే దేశాలు తిరుగుతాడట. వచ్చినప్పటి నుంచి అంకెలు వెతుకుతున్నాడు, అద్దం కింద పలక మీద ఉన్న నంబరు, ఇంజను పక్కన కొట్టిన నంబరు, గేర్‌బాక్సు మీది నంబరు, రేడియేటర్ పట్టీ మీద మట్టి తుడిస్తే బయటపడిన నంబరు, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి పసిపిల్లవాడి పుట్టుమచ్చలు చూసినట్టు చూస్తున్నాడు. "ఇంజనూ గేర్‌బాక్సూ బాడీ, అన్నీ ఒకే తల్లి బిడ్డలండీ. ఎవరో ఎక్కణ్ణుంచో తెచ్చి తగిలించింది కాదు," అన్నాడు. సేఠ్ నవ్వాడు, "కామ్రాన్ దగ్గర నకిలీ మాల్ ఉంటదా ఆనందరావు సాబ్? హైదరాబాద్‌ల మా అబ్బాజాన్ అంబాసిడర్‌కు కూడా కంపెనీ బోల్టే ఏసెటోడు." ఆ నవ్వు విని గజేందర్ మళ్ళీ ఆ అంకెల వైపు చూశాడు. ఇనుముకు ఇన్ని చోట్ల పేరు ఉంది, ఇంజనుకు పేరు, బానెట్‌కు పేరు, ఆఖరికి తలుపు అద్దానికి మూలన పుట్టిన నెల ఉంది, కానీ షమాల్ రోడ్డు పక్కన లస్మయ్యను గుద్దిన బండికి మాత్రం పేరు లేదు, గుర్తు తెలియని వాహనం అని పోలీసులు రాశారు, ఆ మాటనే ఊళ్ళో లస్మయ్య పెండ్లాం పుష్పకు ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది, వెనకాల ఎవరిదో బర్రె అరుస్తోంది, ఆమె అడిగింది, "దుబాయ్‌ల కార్లకు పేర్లుండయా బావా? గుద్దినోని మొకం సూసినవా నువ్వు?" పుష్పకు ఖతర్ కూడా దుబాయే, ఊళ్ళో అందరికీ అంతే. చూశాను అని ఎట్లా చెప్పాలి, పొద్దున్నే లేచి చూస్తున్నాను, సలాం కొట్టి చూస్తున్నాను, వాని కారు తుడిచి చూస్తున్నాను, అని ఎట్లా.

రెండు ఎండాకాలాల కిందట, ఆ పొద్దు ఎండ ఇంకా వేడెక్కకముందే టార్పాలిన్ కప్పిన కారును ట్రక్కు మీది నుంచి దించారు, ఎడమవైపు ముందు మడ్‌గార్డు లోపలికి కూరుకుపోయి ఉంది, లైటు ముందున్న జాలీ పగిలి ఉంది, బానెట్ అంచు పెదవి లాగా పైకి లేచింది. "షమాల్ తొవ్వల మేక అడ్డమొచ్చిందట," అన్నాడు జహాంగీర్, అతనికి సేఠ్ చెప్పింది అంతే. సేఠ్ తానే వచ్చి నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెమట వాసన, అత్తరు వాసన కలిసి వచ్చాయి. "రేకు మార్చొద్దు గజేందర్, దీని మీద కంపెనీ అచ్చు ఉన్నది, ఇదే రేకును లేపాలె. గుంతల మెత్తే పుట్టీ మాఫీ, అసలుండొద్దు. అయస్కాంతం పెడితె అంటుకోవాలె," అన్నాడు. పుట్టీ లేకుండా రేకును లేపడమంటే పని తెలిసినవానికి పండుగ, గజేందర్‌కు కూడా ఆ పొద్దు పండుగే అయ్యింది, ఎంత ఇష్టంగా చేశాడు ఆ పని, మడ్‌గార్డు విప్పి, ఒడిలో పెట్టుకుని, లోపల డాలీ అనే ఇనప దిమ్మె ఆనించి బయట నుంచి చిన్నగా, చిన్నగా, నిద్రపోతున్న పిల్లవాణ్ణి తట్టినట్టు. గుంత ఎట్లా పడిందో దాన్ని చదవకుండా గుంత తీయలేం, మొదట ఎక్కడ తగిలిందో చివర అక్కడ కొట్టాలి, చివర ఎక్కడ ముడతపడిందో మొదట అక్కడ విప్పాలి, అందుకని వేళ్ళతో మొత్తం తడిమాడు, పైన వెడల్పాటి పల్లం, దాని కింద లోతుగా ఇంకొకటి, బానెట్ అంచు దగ్గర గుండ్రంగా గిన్నె మోపినట్టు ఒకటి. మేక ఇంత ఎత్తుకు ఎట్లా ఎగిరింది అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. జాలీ సందులో రక్తం గడ్డకట్టిన దారం ఒకటి చిక్కుకుని ఉంది, ఎరుపూ నలుపూ పేనిన దారం, దాన్ని లాగి చూసి నవ్వుకున్నాడు కూడా, అరె, ఈ దేశంలో కూడా మొక్కిన మేకలుంటయా అని. వాళ్ళ ఊళ్ళో పోచమ్మకు మొక్కిన మేకపిల్లకు మెడలో దారం కడతారు, కట్టినదాన్ని ఎవరూ కొట్టరు, ఎవరి చేనులో పడి మేసినా అదిలించరు, ఆ రోజు వచ్చినప్పుడు నెత్తిన నీళ్ళు చల్లి నిలబడతారు, అది ఒళ్ళు విదిలిస్తే జడ్త ఇచ్చిందంటారు, అంటే ఒప్పుకుంది అని, అప్పుడు గానీ కత్తి ఎత్తరు. పాపం ఎవరి మొక్కో అనుకుని ఆ దారాన్ని నూనె గుడ్డలతో పాటు చెత్త డ్రమ్ములో వేశాడు. సాయంత్రానికి డ్రమ్మును లారీ ఎత్తుకుపోయింది. రేకు అద్దంలా లేచింది. పని అయిన ప్రతి రేకుకూ లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, కుంకుమను ఇంజను ఆయిల్ చుక్కలో కలిపి వేలితో బొట్టు పెట్టడం అతని అలవాటు, కోరుట్లలో పని నేర్పిన ఉస్తాద్ అట్లాగే పెట్టేవాడు, దసరాకు పనిముట్లకు పెట్టినట్టు, ఇనుముకు దెబ్బ కొట్టినందుకు దండం పెట్టినట్టు. జహాంగీర్ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు, "అరే గజ్జూ, అమెరికా పిల్లకు బొట్టు పెట్టి కోడలును చేస్కుంటున్నవా?" ఆ రోజు మేకను తలుచుకుని కొంచెం పెద్ద బొట్టే పెట్టాడు.

చెయ్యి ఇంకా కడుక్కోకముందే ఫోన్ వచ్చింది. మదీనత్ అల్ షమాల్ దగ్గర లస్మయ్య ఉండే కూలీల క్యాంపు నుంచి, లస్మయ్య డ్యూటీకి రాలేదు, తెల్లవారి సైకిల్ మీద రొట్టెలు తేవడానికి పోయిండట, సైకిల్ దొరికింది, మనిషి ఆస్పత్రిల ఉన్నడు, నువ్వు రావాలె అన్నా. ఆస్పత్రి కాదు, శవాల గది. తెల్లటి దుప్పటి కింద చెయ్యి ఒకటే బయట ఉంది, ముఖం చూపించలేదు, చూడకు అన్నారు, అతను చూశాడు, చూసినదాన్ని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అక్కడ ముఖం అన్న మాట సరిపోదు. చేతి మణికట్టు చుట్టూ ఎండ తగలని చర్మం తెల్లగా ఉంది, దారం మందాన. దుబాయ్ పోతున్నారని అమ్మ ఇద్దరికీ ఒకే రోజు కొండగట్టులో కట్టించిన దారాలు, ఎరుపూ నలుపూ, తనది రంగు కలిపే థిన్నర్‌లో నాని ఎప్పుడో తెగిపోయింది, వానిది తెగలేదు, వాడు దాన్ని స్నానం చేసినప్పుడు కూడా జాగ్రత్తగా తుడిచేవాడు. అక్కడ నిలబడి గజేందర్ తన చేతులు చూసుకున్నాడు, గోళ్ళ సందుల్లో నేరేడుపండు రంగు, వేలి కొసన కుంకుమ. లస్మయ్య భుజం చేసిన పల్లం, తుంటి చేసిన లోతు, తల చేసిన గిన్నె, పొద్దుటి నుంచి ఒడిలో పెట్టుకుని తట్టింది వాణ్ణే. తట్టి తట్టి లేకుండా చేశాడు. ఎవరూ వాని నెత్తిన నీళ్ళు చల్లలేదు, ఎవరూ వాని జడ్త అడగలేదు.

మరునాడు సేఠ్ తానే పిలిచి ఊరికి పోవడానికి టికెట్ తీయించాడు, భుజం మీద చెయ్యి వేశాడు, బరువైన మెత్తటి చెయ్యి, "సబర్ కర్నా గజేందర్, ఓర్సుకోవాలె, అల్లా రాసింది ఎవరు తప్పిస్తరు," అన్నాడు, అంటున్నప్పుడు అతని కళ్ళు గజేందర్ కళ్ళలోకి కాక గోడ మీది తాళాల బోర్డు వైపు చూశాయి, తెలుసు వానికి, చచ్చినవాడు ఎవరి తమ్ముడో తెలిసే ఆ చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టు ఉంటుంది. దాన్ని నరకాలని ఊళ్ళో దశదినం నాడు కూడా అనిపించింది, పిండం పెడుతుంటే కాకులను కాదు ఆ చేతినే చూశాడు, వేళ్ళు ఒక్కొక్కటి బెంచీ మీద పరిచి డాలీతో, పెద్ద సుత్తితో, చెక్క సుత్తితో, ఏ వేలికి ఏది అని కూడా ఎంచుకున్నాడు. తిరిగి వచ్చి జహాంగీర్‌కు ఒక్కనికే చెప్పాడు. పోలీసుల దగ్గరికి పోదాం అన్నాడు. జహాంగీర్ అన్నాడు, "ఏం సూపిస్తవ్ రా? దారం ఏది? చెత్తల పోయింది. కారేది? అల్ వుకైర్ గోదాంల తాళమేసి పెట్టిన్రు. డెంట్ ఏది? నువ్వే తీసినవ్ గద." నువ్వే తీసినవ్ గద. ఆ మాట కడుపులోకి దిగి తుప్పు పట్టింది. కంపెనీ మారొచ్చు, ఊరికి పోవచ్చు, పోలేదు, పాత కారు ఎన్నాళ్ళు దాచినా అమ్మకానికి ఒకరోజు బయటికి రావాల్సిందే అని ఎదురుచూశాడు, వచ్చింది, రెండు ఎండాకాలాలు గడిచాక ఇదిగో లిఫ్ట్ మీద కాళ్ళు వేలాడేసి నిలబడింది.

"గజ్జూ," జహాంగీర్ టీ గ్లాసు అందిస్తూ చెవిలో అన్నాడు, "మొకం అట్ల పెట్టకు. సుత్తె కింద పెట్టు." గజేందర్ గ్లాసు అందుకోలేదు. సుత్తి కింద పెట్టలేదు. ఆనందరావు ఇప్పుడు ఎడమ మడ్‌గార్డు దగ్గరికి వచ్చాడు, రంగు మందం కొలిచే గేజ్ ఆనించాడు, అది కీచుమంది, ఇంకో చోట ఆనించాడు, మళ్ళీ కుడివైపుకు పోయి ఆనించి తిరిగి వచ్చాడు. గజేందర్ గుండె నీళ్ళలో వేసిన ఎర్రటి ఇనుములా బుసకొట్టింది, పట్టుకో సారూ, పట్టుకో, నీకు దండం పెడతా, నీ కండ్లు చల్లగుండ, అక్కడే. "ఇక్కడ రంగు కొంచెం మందంగా ఉందండీ," అన్నాడు ఆనందరావు. సేఠ్ మెడ మడతలు కదల్లేదు, "అప్పట్ల చేత్తోటి కొట్టిన పెయింట్ సాబ్, ఒక దిక్కు మందం, ఒక దిక్కు పల్చన. మీకు తెల్వదా?" ఆనందరావు తల ఊపాడు, అదీ నిజమే, అయస్కాంతం తీసి పెట్టాడు, అది టక్కున అతుక్కుంది, పుట్టీ ఉంటే కదా జారడానికి, ఆ రోజు అంత బాగా ఎందుకు చేశావురా, ఒక్క చోటైనా చెయ్యి జారకూడదా, ఒక్క చోటైనా పుట్టీ మెత్తి మోసం చేయకూడదా. బోల్టుల తలలు చూశాడు, వాటి మీద రంగు పగల్లేదు, వాటికీ రంగు వేసింది తానే, సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి. అప్పుడు ఆనందరావు వేలాడే చక్రం పైన ఖాళీలోకి తల దూర్చి లోపలికి లైటు వేశాడు, లైటు కదులుతూ కదులుతూ ఒకచోట ఆగింది.

"అబ్బ! ఇదిగో, చూడండి సేఠ్ గారూ, ఇదీ అసలు సంగతి." గొంతులో పిల్లవాడి సంబరం. "ఫ్యాక్టరీలో ఒక్కో రేకూ బాగుందో లేదో చూసినవాడు లోపల ఎర్ర చుక్క పెట్టేవాడండీ. యాభై ఏళ్ళు దాటినా చెరిగిపోలేదు. ఇది ఉన్నాక ఇంక గేజ్ ఎందుకు? ఈ రేకు పుట్టినప్పటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టలేదు." ఫోన్ లోపలికి చాపి ఫోటో తీశాడు. సేఠ్‌కు ఆ చుక్క ఏమిటో తెలియదు, అయినా సంతోషించాడు, "మాషాల్లా," అన్నాడు. గజేందర్‌కు నవ్వు వచ్చింది, గుంటూరు మిరపకాయా పసుపుకొమ్మూ చూసి పెరిగిన తెలుగువాడు, తల్లి నొసట రోజూ చూసినవాడు, అమెరికా రేకు మీద కనపడేసరికి కుంకుమను గుర్తుపట్టలేకపోయాడు. లస్మయ్యను చంపిన రేకుకు తాను పెట్టిన బొట్టే లస్మయ్య అక్కడ లేడని సాక్ష్యం చెప్పింది. ఇంక ఓడ. ఇంక సముద్రం. ఎవరి మొక్కో, ఎవరి మేకో.

"దించు గజేందర్, యల్లా, ఖలాస్," అన్నాడు సేఠ్. గజేందర్ బటన్ నొక్కాడు. కారు దిగుతుంటే సేఠ్ పక్కకు జరిగాడు, అతని తల ఇంకా దగ్గరికి వచ్చింది, వెనక్కి తిరిగి ఆనందరావుతో ఏదో అంటూ నవ్వుతోంది, చెవి వెనక ఆ చోటు ఖాళీగా, లేతగా, చెయ్యి దానంతట అదే లేచింది, భుజం దాకా లేచింది, ఒక్క దెబ్బ, ఎర్రటిది బయటికి వస్తుంది, వాడు పడతాడు, అప్పుడు పుష్పకు ఏం చెప్పాలి, సేఠ్‌ను చంపిన పని మనిషి అని రాస్తారు, ఎందుకు చంపాడో ఎవరూ రాయరు, డెంట్ లేదు కదా, లస్మయ్య ఎప్పటికీ పేరు లేని బండి కింద పడిన పేరు లేని మనిషే, వాణ్ణి రెండోసారి చెరిపేసేదీ తానే అవుతాడు. గుంత తీసినవాడే పెట్టాలి. ఆ మాట ఎవరో చెప్పినట్టు వినపడింది. చెయ్యి దిగింది, కానీ సేఠ్ మీద కాదు.

మొదటి దెబ్బకు షెడ్డు మొత్తం మోగింది. నేరేడుపండు రంగు మీద తెల్లటి పగులు సాలెగూడులా విచ్చుకుంది. "అరే! పాగల్!" అని సేఠ్ అరిచాడు, ఆనందరావు వెనక్కి దూకాడు. "సారూ," అన్నాడు గజేందర్, గొంతు అతనిదే కాదన్నట్టు నెమ్మదిగా ఉంది, "అది కంపెనీ చుక్క గాదు. బొట్టు. నేను పెట్టిన." రెండో దెబ్బ. "ఈ రేకును లేపింది నేను. ఎట్ల పడ్డదో నా చేతికి ఎరుక. సూడుండ్రి." మూడో దెబ్బ కొట్టేలోపు వెనక నుంచి ఏదో వచ్చి చెవి మీద పడింది, సేఠ్ చేతిలో వీల్ పానా, చెవి గుయ్‌మంది, మెడ మీదికి వెచ్చగా కారింది, అతను తిరగలేదు, తిరిగితే చంపేస్తానని తెలుసు, తిరగకుండా కొట్టాడు, పానా మళ్ళీ భుజం మీద పడింది, ఎక్కడ ఆ మెత్తటి చెయ్యి పడిందో సరిగ్గా అక్కడే, ఎముక ఏదో కిర్రుమంది, సుత్తి ఎడమ చేతికి మార్చుకున్నాడు. గ్లాసులు పగిలిన చప్పుడు. "ఛోడో సేఠ్! ఛోడో, చస్తడు!" జహాంగీర్ సేఠ్‌ను నడుము పట్టి లాగుతున్నాడు, ఇన్నాళ్ళూ తెలియనట్టు నిలబడ్డవాడు ఇద్దరూ కలిసి నేల మీద పడేదాకా లాగాడు. పైన వెడల్పాటి పల్లం, ఇది భుజం, ఇటు పక్కకు లాగాలి, లాగాడు. దాని కింద లోతు, తుంటి, తాను విప్పిన ముడతను ఇప్పుడు తిరిగి ముడవాలి, ముడిచాడు. రంగు పెచ్చులుగా లేచి కింద పడుతోంది, కింద నుంచి ఇనుము బూడిద రంగులో కళ్ళు తెరుస్తోంది, అతని రక్తం దాని మీద పడి నల్లగా కనపడుతోంది. చివరికి బానెట్ అంచు దగ్గర గిన్నె. అక్కడ చెయ్యి ఆగింది. అది ఒక్క దెబ్బకు పడింది, లస్మయ్యకు కూడా ఒక్కటే దెబ్బ, రెండు కొడితే అబద్ధం అవుతుంది. కళ్ళు మూసుకుని కొట్టాడు.

సుత్తి ఆగింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆనందరావు మెల్లగా దగ్గరికి వచ్చాడు, గేజ్ జేబులోనే ఉండిపోయింది, ఒట్టి అరచేతిని పై పల్లంలో పెట్టాడు, కింది లోతులో పెట్టాడు, గుండ్రటి గిన్నె దగ్గరికి వచ్చేసరికి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. ఇనుమును చదవడమే జన్మంతా చేసిన మనిషి, ముఖం పాలిపోయింది. "ఏం గుద్దావయ్యా దీంతో?" అన్నాడు, గజేందర్‌ను కాదు, నేల మీద కూర్చున్న కామ్రాన్‌ను.

"మేక," అన్నాడు కామ్రాన్. "అంధేరా ఉండె. మేకనే అనుకున్న. దిగి సూసినంక..." అని ఆగిపోయాడు, తన నోరు ఏమందో తన చెవులకే అప్పుడు అందినట్టు. జహాంగీర్ లేచి పోయి షట్టర్ కిందికి లాగి తాళం వేశాడు. "ఈ బండి ఎక్కడికీ కదలదు," అంటూ ఆనందరావు ఫోన్ తీసి ముందు రేకుకు మరో ఫోటో తీశాడు, తర్వాత ఇంకొకటి, అన్ని వైపుల నుంచి, ఇందాక నంబర్లు చూసినంత శ్రద్ధగా, ఆ తర్వాత పోలీసులకు నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు, ఆయన ఇంగ్లీషులో చెబుతున్నాడు, దిగి చూశాక అన్న మాట గజేందర్ తలలో తిరుగుతోంది, దిగి చూశాడు, చూసి ఎక్కి వెళ్ళిపోయాడు, అప్పటికి ఊపిరి ఉందో లేదో, సుత్తి ఇంకా ఎడమ చేతిలోనే ఉంది, కామ్రాన్ తల కూడా అక్కడే ఉంది, ఈసారి ఎదురుగా, నొసలు పైకెత్తి చూస్తూ. ఉండనీ. అతను సుత్తిని బానెట్ మీద పెట్టాడు. విరిగిన భుజం వేలాడుతుంటే ఎడమ చేతిని చాచి వెడల్పాటి పల్లంలో ఆనించాడు, అది పట్టింది, వేళ్ళూ అరచెయ్యీ కొలిచి చేసినట్టు పట్టింది, చిన్నప్పుడు బడికి పోతూ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నడిచినట్టే. దెబ్బలకు రేకు వేడెక్కి ఉంది, మనిషి ఒంటి వేడి. అది చల్లారే దాకా చెయ్యి తీయలేదు.